హైదరాబాద్ నుంచి డల్లాస్: దూరం, విమాన సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మానాన్నల్ని మొదటిసారి అమెరికాకి పంపేవాళ్లు, చదువుకోడానికి వెళ్లే పిల్లలు, వీసా స్టాంపింగ్‌కి వచ్చి తిరిగెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. దూరం ఎంతో, ఎన్ని గంటలో సెర్చ్ చేస్తే వెంటనే ఒక అంకె కనిపిస్తుంది. కానీ ఆ అంకెను నమ్ముకుని టికెట్ కొంటే ఇబ్బంది పడేది ప్రయాణం చేసేవాళ్లే. అందుకే దాని వెనకున్న లెక్కతో సహా ఇక్కడ చెబుతున్నాను.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంత దూరం?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి డల్లాస్–ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్‌కి గాల్లో తిన్నగా కొలిస్తే సుమారు 14,420 కిలోమీటర్లు. మైళ్లలో అయితే దాదాపు 8,960. విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో 7,790కి కాస్త అటూఇటూ. ఒక్కో చోట ఒక్కో అంకె కనిపించడానికి చాలావరకు కారణం ఇదే: ఒకరు కిలోమీటర్లు రాస్తారు, ఇంకొకరు మైళ్లు రాస్తారు, కొందరు ఎయిర్‌పోర్ట్ నుంచి కాకుండా ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తారు.

"తిన్నగా" అంటే ఏ వైపు? పడమరకా, తూర్పుకా?

రెండూ కాదు, ఉత్తరానికి. చాలామంది ఈ మాట నమ్మరు. హైదరాబాద్, డల్లాస్ రెండూ భూగోళానికి దాదాపు ఎదురెదురు పక్కల ఉన్నాయి. రేఖాంశాల్లో తేడా 175 డిగ్రీల పైనే. అంత తేడా ఉన్నప్పుడు అతి దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డల్లాస్ మీద రెండో కొస పెట్టి బిగించి లాగండి. దారం ఇంచుమించు ఢిల్లీ మీదుగా పైకి పోయి, హిమాలయాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో మలుపు తీసుకుని, కెనడా మీదుగా టెక్సాస్‌కి దిగుతుంది. గోడ మీద వేలాడే మ్యాప్‌లో ఈ దారి కనిపించదు, ఎందుకంటే ఆ మ్యాప్ గుండ్రటి భూమిని పలకలా పరిచేసింది.

అయితే విమానం ఆ దారిలోనే వెళ్తుందా?

వెళ్లదు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానం లేదు. ఎక్కడో ఒక చోట దిగి మారాల్సిందే. ఆ మారే ఊరిని బట్టి దూరం మారుతుంది.

దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి విమానంలో 2,550 కిలోమీటర్లు, రెండో దాంట్లో 12,940, మొత్తం దాదాపు 15,490. దోహా మీదుగా అయితే ఇంకో 150, 200 ఎక్కువ. లండన్ మీదుగా సుమారు 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా ఇంచుమించు అంతే. చూశారుగా, ఈ నాలుగు దారుల మధ్య తేడా 300 కిలోమీటర్లు మాత్రమే. విమానానికి అది ఇరవై నిమిషాల పని. కాబట్టి "ఏ దారి దగ్గర?" అనే ప్రశ్నతో ఇక్కడ పెద్దగా ఒరిగేదేమీ లేదు.

హాంకాంగ్ మీదుగా తూర్పు వైపు నుంచి కూడా వెళ్లొచ్చు. 2025లో హాంకాంగ్ నుంచి డల్లాస్‌కి సర్వీసు మొదలయ్యాక ఈ దారి గురించి అడిగేవాళ్లు పెరిగారు. ఆ దారిలో దూరం సుమారు 16,800 కిలోమీటర్లు.

డైరెక్ట్ ఫ్లైట్ ఎందుకు లేదు? అంత దూరం ఎగిరే విమానాలు లేవా?

ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆగకుండా వెళ్లే విమానం రోజూ నడుస్తోంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–చికాగో మధ్య వారానికి ఒక నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. దూరం 13,280 కిలోమీటర్లు, విమానం బోయింగ్ 777-200ఎల్ఆర్. తెలుగువాళ్లు ఎంతో సంతోషించారు కానీ ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అందరూ మహిళా పైలట్లే నడిపిన విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. అంటే సాధ్యం కాక కాదు.

అడ్డం వచ్చేవి వేరే ఉన్నాయి. ఇంత దూరానికి ఇంధనమే విపరీతమైన బరువు. ఆ బరువు మోయడానికి సీట్లలోనో సరుకులోనో కోత పెట్టాలి. పైగా రోజూ విమానం నిండాలి, ముఖ్యంగా ఖరీదైన బిజినెస్ క్లాస్ సీట్లు నిండాలి. ఇక తిన్నటి దారిలో హిమాలయాలు, టిబెట్ పీఠభూమి ఉన్నాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే సుమారు 10,000 అడుగులకి దిగాలి. కింద కొండలే అంతకంటే ఎత్తున్న చోట అలా దిగడం కుదరదు, అందుకే విమానాలు ఆ ప్రాంతాన్ని వీలైనంత తప్పించుకుని పోతాయి. అమెరికాలో లక్షల మంది తెలుగువాళ్లు ఉండగా, వాళ్లలో ఇంతమంది డల్లాస్ చుట్టుపక్కలే స్థిరపడగా, హైదరాబాద్‌కి ఒక్క నాన్‌స్టాప్ కూడా లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. వయసు మళ్లిన తల్లిదండ్రులకి అది ఎంత తేడానో విమానం మార్పించినవాళ్లకే తెలుసు.

సరే, మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?

గాల్లో గడిపే సమయం, ఏ దారిలో వెళ్లినా, 20 నుంచి 21 గంటలు. దుబాయ్ మీదుగా అయితే ముందు దాదాపు 4 గంటలు, తర్వాత ఒకే పెట్టున సుమారు 16 గంటలు. లండన్ మీదుగా అయితే 10, 10గా దాదాపు సగం సగం. ఫ్రాంక్‌ఫర్ట్ కూడా అలాంటిదే, రెండో విమానంలో కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

దీనికి మధ్యలో ఆగే సమయం కలపాలి. మూడు గంటలు ఆగితే మొత్తం 24. పది గంటలు ఆగితే 31. టికెట్ల సైట్లలో 22 గంటల నుంచి 40 గంటల దాకా ఎందుకు కనిపిస్తుందంటే ఇందుకే. తేడా మొత్తం ఎయిర్‌పోర్ట్‌లో కూర్చునే సమయంలోనే ఉంది.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ పడుతుంది. ఎందుకు?

భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి ప్రవాహాలు వీస్తాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వాటి వేగం ఇంకా ఎక్కువ. డల్లాస్ నుంచి దుబాయ్‌కి వచ్చేటప్పుడు పైలట్లు ఆ గాలిని వెనక పెట్టుకుంటారు, అందుకే 16 గంటల ప్రయాణం 14న్నర, 15 గంటల్లో అయిపోతుంది. హాంకాంగ్ దారిలో ఇది తిరగబడుతుంది, అమెరికా వెళ్లేటప్పుడే గాలి కలిసొస్తుంది.

పొద్దున బయల్దేరితే అదే రోజు రాత్రికి చేరినట్టు టికెట్‌లో ఉంది. 12 గంటలే పడుతుందా?

కాదు. టికెట్ మీద ఉండే ప్రతి టైమూ ఆ ఊరి టైమే. డల్లాస్ మనకంటే చలికాలంలో 11న్నర గంటలు, ఎండాకాలంలో 10న్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి తిప్పుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు.

డిసెంబర్‌లో శనివారం పొద్దున 10 గంటలకి శంషాబాద్‌లో విమానం కదిలిందనుకోండి. మొత్తం 24 గంటలు పట్టింది. మన టైమ్ ప్రకారం ఆదివారం పొద్దున 10. అందులోంచి 11న్నర తీసేస్తే డల్లాస్‌లో శనివారం రాత్రి పదిన్నర. తిరుగు ప్రయాణంలో ఇది రివర్స్ అవుతుంది: జూలైలో శుక్రవారం పొద్దున పదకొండున్నరకి అక్కడ ఎక్కి 24 గంటల ప్రయాణం చేస్తే హైదరాబాద్‌లో దిగేది శనివారం రాత్రి 10కి. ఎయిర్‌పోర్ట్‌కి కారు తీసుకెళ్లేవాళ్లు తేదీ తప్పేది ఇక్కడే. టికెట్‌లో టైమ్ పక్కన +1 అని ఉంటే మరుసటి రోజని అర్థం.

మధ్యలో దుబాయ్ మనకంటే గంటన్నర, దోహా రెండున్నర గంటలు వెనక. ఫోన్ తనంతట తానే మార్చుకుంటుంది. చేతి గడియారం మాత్రమే పెట్టుకునే నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పండి. బోర్డింగ్ టైమ్ లోకల్ టైమ్‌లోనే రాస్తారు.

అమ్మానాన్నలకి ఏ దారి మంచిది?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటిసారి వెళ్లేవాళ్లకి, ఇంగ్లీషు పెద్దగా రానివాళ్లకి దుబాయ్ లేదా దోహా. అక్కడ ఒకసారి మారితే డల్లాస్‌లోనే దిగుతారు. హైదరాబాద్ నుంచి ఎక్కే విమానంలో తెలుగువాళ్లు నిండుగా ఉంటారు. దుబాయ్‌లో డల్లాస్ గేటు దగ్గరికి చేరితే అక్కడా తెలుగు వినపడుతుంది. శాకాహార భోజనం, దారి చెప్పే మనిషి, రెండూ దొరుకుతాయి.

కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, ఒకే చోట ఎక్కువసేపు కూర్చోలేనివాళ్లకి 16 గంటల విమానం కష్టం. వాళ్లకి లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ నయం. పదేసి గంటలు రెండు ముక్కలుగా విడిపోతుంది, మధ్యలో లేచి నడిచే వీలుంటుంది.

ఢిల్లీ లేదా ముంబై వెళ్లి మారే టికెట్లు ఒక్కోసారి చవగ్గా ఉంటాయి. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీలో పొగమంచు వల్ల విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ రెండు నెలల్లో పెద్దవాళ్లని ఆ దారిలో పంపొద్దు.

లేఓవర్ (మధ్యలో ఆగే సమయం) ఎంత ఉంటే మంచిది?

టికెట్ కొనేటప్పుడు నిజంగా చూడాల్సింది ఇదే. మొత్తం గంటలు తక్కువ ఉన్నాయని గంటంపావు లేఓవర్ ఉన్న టికెట్ కొంటారు. విమానాల కంపెనీ ఆ టికెట్ అమ్మిందంటే సరిపోతుందనే లెక్కతోనే అమ్ముతుంది, నిజమే. కానీ ఆ లెక్క చకచకా నడిచేవాళ్లకి. దిగడానికి ఇరవై నిమిషాలు, మళ్లీ సెక్యూరిటీ చెక్, అక్కడి నుంచి గేటు దాకా నడక లేదా లోపలి రైలు, ఇవన్నీ ఉంటాయి. అమెరికా వెళ్లే విమానాలకి గేటు దగ్గర కొన్నిసార్లు అదనపు తనిఖీ కూడా ఉంటుంది. గేటు విమానం కదిలే టైముకి మూసెయ్యరు, అంతకంటే ముందే మూసేస్తారు.

పెద్దవాళ్లకి మూడు నుంచి ఐదు గంటలు పెట్టండి. బాత్రూమ్‌కి వెళ్లి, ముఖం కడుక్కుని, ఇంటికి ఒక ఫోన్ చేసి, టెన్షన్ లేకుండా గేటు చేరడానికి ఆ మాత్రం కావాలి. ఎనిమిది గంటలు దాటితే మళ్లీ అలసట మొదలవుతుంది.

వీల్‌చైర్ సాయం బుకింగ్ చేసేటప్పుడే అడగండి. కనీసం 48 గంటల ముందు మరోసారి ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. నడవగలిగినవాళ్లు మొహమాటపడతారు, "మాకెందుకు నాయనా కుర్చీ" అంటారు. నడవలేకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. అంత పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో అంత దూరం నడవడం వయసులో ఉన్నవాళ్లకే కష్టం.

ఇంకో ముఖ్యమైన మాట: మొత్తం ప్రయాణం ఒకే టికెట్‌లో ఉండాలి. దుబాయ్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి విడిగా కొంటే ఇరవై వేలు మిగలొచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మాత్రం ఎవరికీ బాధ్యత ఉండదు, కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలి. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌లో కుండపోత వానకి ఎయిర్‌పోర్ట్ నీట మునిగినప్పుడు ఎంతోమంది మధ్యలో చిక్కుకుపోయారు. అలాంటప్పుడు వేరే విమానంలో సీటు చూడాల్సిన బాధ్యత కంపెనీ మీద ఉంటుంది, అది ఒకే టికెట్ ఉన్నవాళ్లకే.

మధ్యలో వీసా కావాలా?

దుబాయ్, దోహాల్లో ఎయిర్‌పోర్ట్ బయటికి రాకుండా ఒకే టికెట్ మీద మారేవాళ్లకి అక్కర్లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో గడువున్న అమెరికా వీసా స్టాంప్ పాస్‌పోర్ట్‌లో ఉంటే ఎయిర్‌పోర్ట్ లోపలే మారడానికి ట్రాన్సిట్ వీసా అవసరం లేదు. స్టాంప్ గడువు అయిపోయి ఐ-797 (అక్కడ ఉండటానికి అనుమతి వచ్చిందని చెప్పే) కాగితం మీదే అమెరికాలో ఉంటున్నవాళ్లు స్టాంపింగ్ కోసం ఇండియా వస్తుంటే జాగ్రత్త. యూరప్ మీదుగా టికెట్ కొనేముందు ఆ దేశపు ట్రాన్సిట్ రూల్ చదవండి, లేదా గల్ఫ్ మీదుగా రండి.

డల్లాస్‌లో దిగాక బయటికి రావడానికి ఎంతసేపు?

గంట నుంచి రెండు గంటలు వేసుకోండి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా డి టెర్మినల్‌కి వస్తాయి. ఇమిగ్రేషన్ క్యూ, వేలిముద్రలు, ఫొటో, తర్వాత సామాన్లు, ఆపైన కస్టమ్స్. ఆఫీసర్ అడిగేవి మామూలు ప్రశ్నలే: ఎవరింటికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా. పిల్లల పేరు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పాస్‌పోర్ట్‌లోనే పెట్టండి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినా ఆ కాగితం పనికొస్తుంది. భాష రాకపోతే తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆవకాయ, పొడులు, పిండివంటలు ఉంటే కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పాలి. పచ్చి కరివేపాకు, పళ్లు, మాంసంతో చేసినవి తీసుకెళ్లొద్దు. చెప్పకుండా దాస్తే జరిమానా, పైగా సెకండరీ చెకింగ్‌లో ఇంకో గంట పోతుంది.

డల్లాస్‌కి ముందు న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగే టికెట్ అయితే?

అమెరికాలో ఏ ఊళ్లో మొదట కాలు పెడితే ఇమిగ్రేషన్ అక్కడే. సామాన్లు కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్ట్ మీద వేసి, సెక్యూరిటీ దాటి, డల్లాస్ విమానం ఎక్కాలి. ఒక్కోసారి టెర్మినల్ కూడా మారాలి. దీనికి మూడు గంటలకి తక్కువైతే నేను ఒప్పుకోను. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే ఇలాంటి టికెట్ అసలు వద్దు.

అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అబుదాబి ఎయిర్‌పోర్ట్‌లోనే పూర్తవుతాయి. 2014 నుంచి ఈ ఏర్పాటు ఉంది. అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లాగే బయటికి నడవొచ్చు.

మేము ఉండేది విజయవాడ. మాకు ఎంత పడుతుంది?

హైదరాబాద్ దాకా రోడ్డు మీద 275 కిలోమీటర్లు. ఊళ్లోకి వెళ్లకుండా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్‌లో దిగితే ఐదు గంటలు. సంక్రాంతి రోజుల్లో చౌటుప్పల్ నుంచి టోల్‌గేట్ల దగ్గర బారులు తీరతాయి, ఇంకో రెండు మూడు గంటలు కలుపుకోండి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. అంటే ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో కూతురింట్లో కాళ్లు చాపేదాకా 34, 35 గంటలు. ముందు రోజే హైదరాబాద్ వచ్చి చుట్టాలింట్లో పడుకుని బయల్దేరితే ఒంటికి మంచిది.

చెప్పిన టైముకంటే ఎక్కువ పట్టడానికి యుద్ధాలు కారణమా?

కొంతవరకు అవును. 2022 నుంచి యూరప్, అమెరికా కంపెనీలు రష్యా మీదుగా ఎగరడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి తన గగనతలం మూసేసింది, దాంతో ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడి, దోహా వెళ్లాల్సిన విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. ప్రయాణానికి ముందు వారం వార్తలు చూడండి, టికెట్‌లో మీ సొంత ఫోన్ నంబర్, ఈమెయిల్ ఉండేలా చూసుకోండి. ఏజెంట్ నంబర్ మాత్రమే ఉంటే మార్పులన్నీ ఆయనకే మెసేజ్‌గా వెళ్తాయి. డల్లాస్ వైపు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉరుములు, వడగళ్ల వానలు మామూలే, అప్పుడు విమానాన్ని పక్క ఊళ్లో దించి ఆపుతారు.

అంతసేపు కూర్చుంటే ఆరోగ్యానికి ఏమైనా అవుతుందా?

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. నడవా పక్కన సీటు తీసుకుంటే లేవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. బీపీ, షుగర్ మాత్రలు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ చెకిన్ సామాన్లలో వెయ్యొద్దు, అక్కడి చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. పగలు రాత్రి తలకిందులయ్యే ప్రయాణం కాబట్టి ఏ డోసు ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి, హైదరాబాద్ టైమ్‌లో రాయించుకోండి.

విమానం ఎక్కడుందో ఇంట్లోంచి చూడొచ్చా? మధ్యలో మాయమైపోతోంది, భయమేస్తోంది.

ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో విమానం నంబర్ కొడితే కనిపిస్తుంది. ఆ యాప్‌లు ఎక్కువగా నేల మీద ఉన్న రిసీవర్లు పట్టే సిగ్నల్ మీద ఆధారపడతాయి. సముద్రం మీద, గ్రీన్‌లాండ్ వైపు, ధ్రువ ప్రాంతాల్లో రిసీవర్లు తక్కువ. అక్కడ బొమ్మ ఆగిపోతుంది, లేదా అంచనాగా గీసిన గీత మాత్రం కదులుతుంది. దానికీ విమానం క్షేమానికీ సంబంధం లేదు. పైలట్లు కంట్రోల్ రూమ్‌తో మాట్లాడేది వేరే పద్ధతుల్లో. కెనడా భూమి మీదికి రాగానే మళ్లీ కనిపిస్తుంది. అప్పటి నుంచి డల్లాస్‌కి ఇంకా ఐదు గంటల దాకా ఉంటుంది కాబట్టి తీసుకురావడానికి వెళ్లేవాళ్లు అప్పుడే బయల్దేరక్కర్లేదు, విమానం దిగినట్టు చూపించాక గంటకి డి టెర్మినల్ చేరుకుంటే సరిపోతుంది.